సముద్రం మీద ఒట్టు

పోయిన వారం ఆదిశేషమ్మను ఎండుచేపల దిబ్బ మీద కళ్ళు తిరిగి పడిపోతుండగా వదిలేశాను. పడిపోయే మనిషిని వారం రోజులు గాల్లో నిలబెట్టడం ఏం న్యాయమని మా ఇంట్లోనే ఒక పాఠకురాలు నా మీద మండిపడింది. ఆవిడ చేతి కాఫీతోనే నాకు కలం కదులుతుంది కనక ఇంక ఆలస్యం చెయ్యను.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పి కదులుదాం. ఇది పంతొమ్మిది వందల అరవై అయిదు. దసరా వెళ్ళింది. సరిహద్దులో కాల్పులు ఆగాయని రేడియో చెప్పింది గాని, నెల్లూరు తీరానికి ఆ కబురు అందినట్టు లేదు. జువ్వలదిన్నెకు దక్షిణంగా నడిమిపాళెమని చేపలు పట్టేవాళ్ళ పల్లె ఒకటుంది. అమావాస్య రోజుల్లో ఒక పరదేశపు లాంచి అక్కడికొచ్చి మనుషుల్ని, వైర్‌లెస్ పెట్టెల్ని గట్టున దించిపోతోంది. ఆ చోట నీళ్ళ కింద ఇసుక మేటలు ఇవాళ ఉన్నచోట రేపు ఉండవు. పాళెంలో పుట్టి పెరిగినవాడెవడో ముందు నిలబడి దోవ చూపితే తప్ప ఏ లాంచీ ఒడ్డుకు రాలేదు. దోవ చూపేవాడెవడు? గట్టున ఉండి వాణ్ణి నడిపిస్తున్న పెద్దమనిషెవడు? ఇది తేల్చడానికి మద్రాసులోని ఇంటెలిజెన్స్ ఆఫీసు ఇందిరను పంపింది. పాళెంలో మాత్రం ఆమె గ్రామసేవిక ఇందిరమ్మ. ఆడవాళ్ళకు కుట్టు నేర్పుతుంది, పిల్లలకు పాలపొడి కలిపి పోస్తుంది, పుండ్లకు మందు రాస్తుంది.

ఆమె పై అధికారి పద్మనాభయ్య ఒక గడువు పెట్టాడు. శుక్రవారంలోగా పేరు చెప్పకపోతే, భారత రక్షణ నిబంధనల కింద నడిమిపాళెంలో మీసం మొలిచిన ప్రతి మగవాణ్ణీ లారీ ఎక్కించేస్తారు. విచారణ తీరిగ్గా ఆ తరవాత. ఇవాళ బుధవారం.

సరే, ఆదిశేషమ్మ పడుతోంది కదా.

తల నేలకు తగలకముందే ఇందిర ఆమెను పట్టుకుంది. చుట్టూ చేపలు తిరగేస్తున్న ఆడవాళ్ళు బుట్టలు వదిలి పరుగెత్తుకొచ్చారు. అందరికన్నా ముందు వెంకటశేషమ్మ వచ్చింది. పొయ్యిలో పిల్లి లేచినా పాళెం నాలుగు వైపులా చెప్పి రాగల మనిషి.

"పొద్దుట్నుంచీ డోకుతానే ఉంది. చేపల వాసన పడటంలా అంటది. చేపల్లో పుట్టిన దానికి వాసనేందో!" అంది వెంకటశేషమ్మ, చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలు చూస్తూ.

ఇందిర పడిపోయిన మనిషి తలను ఒళ్ళోకి తీసుకుంది. గాలి ఆడాలని ఆదిశేషమ్మ రవిక పై ముడి విప్పింది. విప్పిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆదిశేషమ్మ మొగుడు చిన్నపోలయ్య కిందటి మాఘంలో సముద్రంలో పోయాడు. అదే తెప్ప మీద వెళ్ళిన పాళెం పెద్ద గంగులయ్య ఒక్కడే తిరిగొచ్చి, అల కొట్టి తెప్ప తిరగబడిందని, చిన్నపోలయ్య నీళ్ళల్లో పోయాడని చెప్పి భోరున ఏడ్చాడు. ఆదిశేషమ్మకు గాజులు పగలగొట్టారు, బొట్టు చెరిపారు, తెల్లచీర కట్టారు. ఆ తెల్లచీర కింద, తెల్లరవిక కింద, ఇప్పుడు పసుపుతాడు ఉంది. పాతబడి రంగు వెలిసిన తాడు కాదు, తడి పసుపు రాసిన తాడు.

ఇందిర చటుక్కున పమిట లాగి కప్పేసింది.

"పక్కకు జరగండి, గాలి రానివ్వండి! ఎండదెబ్బ. పాకలోకి తీసుకుపోదాం, పట్టుకోండి" అంది. గొంతు వణకలేదు. శిక్షణలో నేర్పిన వాటిలో ఆమెకు బాగా వంటబట్టింది అదొక్కటే.

మహిళా మండలి అని బోర్డు తగిలించిన తాటాకు పాకలో, కుట్టుమిషను పక్కన, చాప మీద పడుకోబెట్టారు. నిమ్మకాయ నీళ్ళు కావాలని ఒకరిని, విసనకర్ర కావాలని ఇంకొకరిని పంపించి, వెంకటశేషమ్మను మాత్రం కొంచెం గట్టిగానే బయటికి పంపించి, ఇందిర తడిక మూసింది. గూఢచారి అంటే చీకట్లో పిస్తోలు పట్టుకు తిరిగే మనిషని సినిమాలు మనకు నేర్పాయి. ఇందిర పాళెంలో అడుగుపెట్టాక పట్టిన వాటిలో పదునైనది కుట్టుమిషను సూది. ఇవాళ మొదటిసారి, తన పని నిజంగా మొదలైందని ఆమెకు తెలిసింది. భయం కూడా వేసింది.

ఆదిశేషమ్మ కళ్ళు తెరిచింది. తెరుస్తూనే చెయ్యి గొంతు దగ్గరికి పోయింది.

"నేనే కప్పాను. ఇంకెవరూ చూడలేదు" అంది ఇందిర.

"ఏం జూళ్ళా?"

ఇందిర తన చూపుడువేలు చూపించింది. వేలికి పసుపు అంటుకుని ఉంది.

ఆదిశేషమ్మ కాసేపు ఆ వేలి వైపే చూసింది. "తీయబుద్ధి కాలా అక్కా. ఆయన గురుతని పెట్టుకోనుండా."

"గుర్తుకని పెట్టుకున్నదానికి పసుపు రాస్తారా ఆదిశేషమ్మా? మొగుడి ఆయుష్షు కోసం రాస్తారు. పోయినవాడికి ఆయుష్షెందుకు?"

ఆదిశేషమ్మ చెయ్యి తాడు మీంచి పొట్ట మీదికి జారింది.

"మూడో నెల కదూ?"

ఆదిశేషమ్మ లేచి కూచుంది. ఏడుస్తుందనుకుంది ఇందిర. ఏడవలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, సూటిగా ఇందిర నుదుటి బొట్టు వైపు, మెళ్ళో సూత్రాల వైపు చూసింది.

"నన్నడుగుతుండావే, నీకు మొగుడుండాడా అక్కా?"

"మా ఆయన బిట్రగుంట రైల్వేలో..."

"ఆ మాట పాళెంలో అందరికీ చెప్పుకో. నాకొద్దు." ఆదిశేషమ్మ గొంతు తగ్గించింది. "శ్రావణ శుక్కురారం బడి పంతులుగారింట్లో పేరంటం జేసినారే, నేను పుల్లలెయ్యడానికి దొడ్డిపక్క నిలబడుండా. పంతులుగారి భార్య కుంకం బరిణె పట్టుకోని నీ ముందుకొచ్చింది. నువ్వు చెయ్యి యెనక్కి లాక్కున్నావు. అంతలోనే గుర్తొచ్చి మొగం ముందుకు పెట్టినావు. ఆ యమ్మ చూళ్ళా. నేను చూసినా."

ఇందిర చెయ్యి మెళ్ళోని సూత్రాల మీదికి పోయింది.

"నేను గూడా అట్టనే లాక్కుంటా గదా. అది ఒకరు నేర్పితే వచ్చేది గాదక్కా. నలుగురూ నిన్ను పక్కకి పొమ్మంటే, పొమ్మంటే, కడాకు ఒంటికి అలవాటైపోద్ది. తాళి కట్టించుకోని తిరిగే ఆడది చెయ్యెందుకు లాక్కుంటది?"

ఇందిర భర్త సైన్యంలో కాప్టెను. అరవై రెండులో ఈశాన్య సరిహద్దు కొండల్లో, మంచులో పోయాడు. ఒంటి మీది వస్తువొక్కటి కూడా ఇంటికి రాలేదు. మూడేళ్ళ తరవాత డిపార్టుమెంటు ఖర్చుతో కొన్న రోల్డుగోల్డు సూత్రాలు మెళ్ళో వేసుకోమన్నప్పుడు, ఉద్యోగ ధర్మమని వేసుకుంది. ఆ రోజు స్నానాలగదిలో ఎంతసేపు ఏడ్చిందో పద్మనాభయ్యకు తెలియదు. ఆమె ఫైల్లో అటువంటివి రాయరు. ఎవరూ కనిపెట్టలేరనుకున్న సంగతిని పుల్లలు మోసుకొచ్చిన మనిషి కనిపెట్టింది, ఎందుకంటే ఆ మనిషి కూడా అదే అవమానం రోజూ తాగుతోంది. ఇందిరకు కోపం రాలేదు. తనను నిజంగా చూసిన మనిషి ఒకరున్నారని, సిగ్గుపడాల్సినంత ఊరట కలిగింది.

ఊరట ఒక క్షణం. తరవాత అధికారిణి మేలుకుంది.

"ఈ సంగతి ఎవరికి చెప్పావు?"

"ఒక్కడికే."

"చిన్నపోలయ్యకా?"

ఆదిశేషమ్మ తలూపింది. ఆ తల ఊపడంతో చచ్చిన మనిషి బతికాడు. ఇందిర వెతుకుతున్న మనిషి కూడా దొరికాడు.

"పెద్ద తప్పే జేసినాడక్కా, కాదన్ను" అంది ఆదిశేషమ్మ. ఇంక దాచడానికేం లేదని తేలాక మాటలు వాటంతట అవే వచ్చాయి. "వేటకి పోయినోణ్ణి లాంచీ వాళ్ళు ఆపి దోవ చూపమన్నారంట. ఎవురో ఏందో తెలీకుండా చూపినాడు. ఒకసారి చూపినాక వదుల్తారా? చూపకపోతే నిన్నే పోలీసులకు పట్టిస్తామన్నారంట. నువ్వు సచ్చినట్టు ఊరికి తెలియాల, సచ్చినోణ్ణి ఎవురూ వెతకరన్నారంట. ఆ పొద్దు తెప్ప తిరగబడినప్పుడు కావాలనే మునిగి, దూరంగా తేలి లాంచీ ఎక్కినాడు. అమావాస్యకు దిగి, నన్ను చూసి పోతుంటాడు."

"గట్టున వీళ్ళను నడిపేది ఎవరు?"

"ఒక పెద్దమనిషి ఉండాడంట. పేరడిగితే నా నోరు మూసినాడు. తెలిస్తే నీకే కీడన్నాడు."

"గంగులయ్యకు చిన్నపోలయ్య బతికున్నట్టు తెలుసా?"

"మామకా!" ఊరి వరసకు గంగులయ్యను అట్లా పిలిచే ఆదిశేషమ్మ నిజంగానే బెదిరింది. "మామకు తెలిస్తే ఇంకేమన్నా ఉందా? మా ఆయన్ని తన కళ్ళ ముందర సముద్రం మింగిందని అన్నం మానేసి ఏడ్చినాడు. ఇంటికి తవ్వెడు బియ్యం పంపించని వారం లేదు. ఆ మొగం చూస్తే నిజం చెప్పెయ్యాలని నోటిదాకా వస్తది."

ఇందిర నమ్మింది. గంగులయ్యను నమ్మని వాళ్ళు పాళెంలోనే కాదు, అల్లూరు దాకా లేరు.

"నీ సంగతి చెప్తే మా ఆయనేమన్నాడో తెలుసునా అక్కా?" ఆదిశేషమ్మ ఇందిర చెయ్యి పట్టుకుంది. "ఆ యమ్మ సర్కారు మనిషే అయ్యుంటది, పోయి కాళ్ళ మీద పడి అంతా చెప్పేస్తానన్నాడు. కడుపని తెలిసినాక ఆ మనిషి ఆ మనిషి కాడు. బిడ్డ పుట్టేలోపల వాళ్ళ నాయన బతికున్నట్టు నలుగురికీ తెలియాల, జైలుకి పోయినా సరే అన్నాడు. పోయిన అమావాస్యకు వస్తానన్నాడు." ఆమె చూపు మూసిన తడిక వైపు పోయింది. "రాలా. వచ్చే అమావాస్యకు వస్తాడు. అందాకా నువ్వు నోరు మెదపబాక."

వచ్చే అమావాస్య దీపావళికి. పద్మనాభయ్య గడువు శుక్రవారం.

ఇందిర ఆలోచించింది. పేరు చెప్పేస్తే తన పని అయిపోతుంది. పాళెం మగవాళ్ళు లారీ ఎక్కరు. కాని చిన్నపోలయ్య లొంగిపోయిన మనిషిగా కాక, పట్టుబడిన దేశద్రోహిగా మిగులుతాడు. లొంగిపోయినవాడు పెద్దమనిషి పేరు చెప్తాడు, పట్టుబడినవాడు ఉరికంబం ఎక్కుతాడు.

"ఆయన నా దగ్గరికి తనంతట తాను వస్తే, ప్రాణం పోకుండా నేను చూస్తాను" అంది.

ఆ మాట ఇచ్చే అధికారం ఆమెకు లేదు. అయినా ఇచ్చింది.

మధ్యాహ్నం తిరిగాక అల్లాబక్షు వచ్చాడు. ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టే ముసలాయన. ఇందిర కబుర్లు మద్రాసుకు చేరేది ఆయన సంచిలోనే. పేరు దొరికితే ఆమె ఒక పాత దిండు ఇచ్చి దూది ఏకమనాలి. ఇది వాళ్ళిద్దరి మధ్య కట్టుబాటు.

ఆయన ఏకేబద్ద గోడకానించి, గడ్డం గోక్కుంటూ నిలబడ్డాడు. "దిండేమన్నా ఉందా అమ్మా?"

"లేదు తాతా."

"మద్రాసాయన కాళ్ళు కాల్తున్నట్టు తిరగతా ఉండాడంట."

"శుక్రవారం దాకా గడువుంది కదా."

అల్లాబక్షు ఆమె మొహంలోకి చూశాడు. "మొగం చూస్తే దిండు దొరికినట్టే ఉందే బిడ్డా" అన్నాడు. ఏకేబద్ద భుజానికెత్తుకుని, "నీ ఇష్టం. జాగర్త తల్లీ" అని వెళ్ళిపోయాడు. ఆయన సరుగుడు తోట మలుపు తిరిగేదాకా ఇందిర గుమ్మంలోనే నిలబడింది. వెనక్కి పిలుద్దామని రెండుసార్లు అనిపించింది. పిలవలేదు.

పొద్దు ఇంకా వాలలేదు. వలలు ఆరేసే ఇసుక మీద పాళెమంతా పోగయింది. వెంకటశేషమ్మ తన పని తాను చేసింది మరి. ఆదిశేషమ్మకు కడుపని తెలియని ఇల్లు పాళెంలో లేదు. ఇందిర వెళ్ళేసరికి ఆదిశేషమ్మ మధ్యలో మోకాళ్ళు ముడుచుకుని కూచుని ఉంది. తెప్ప దుంగ మీద గంగులయ్య కూచున్నాడు. తెల్లటి బుర్రమీసాలు, ఉప్పుగాలికి కమిలిన ఒళ్ళు, ఎవరినీ కసురుకోని నోరు. భార్య పోయి చాలా కాలమైంది. పాళెంలో తగవు ఏదైనా ఆయన మాటతో తెగుతుంది. చిన్నపిల్లలు కూడా ఆయన ముందు పోట్లాడుకోరు.

"ఇందిరమ్మా, మందూమాకూ తెలిసినదానివి. ఇది నిజమేనా?" అని అడిగాడు.

ఇందిర అబద్ధం చెప్పడానికి నోరు తెరిచింది. అంతకుముందే ఆదిశేషమ్మ తలెత్తింది.

"నిజమే మామా."

గుంపులో గోల లేచింది. ఎవుడు? పేరు చెప్పు! అని నాలుగు వైపుల నుంచి అరిచారు. ఆదిశేషమ్మ పెదవి కదపలేదు. ఒక్క మాట చెప్తే ఆమె పరువు నిలుస్తుంది. ఆ మాట చెప్తే ఆమె మొగుడు పోతాడు. పేరు చెప్పకపోతే పాళెం కట్టుబాటు ఏమిటో అందరికీ తెలుసు, వెలి. ఆమెకు నిప్పివ్వరు, నీళ్ళివ్వరు. ఈ పొద్దు దిగేలోపల కట్టుబట్టతో పాళెం దాటిపోవాలి.

ఆ గోలలో ఇందిర బుర్రలోకి ఒక ఆలోచన వచ్చింది. వెలేస్తే వెయ్యనీ. కడుపుతో ఉన్న పెళ్ళాం రోడ్డున పడిందని తెలిస్తే చిన్నపోలయ్య ఎక్కడున్నా వస్తాడు. వల సిద్ధంగా పెట్టుకుంటే చాలు. పద్మనాభయ్య అయితే ఈ ఆలోచనకు వీపు తట్టేవాడు. ఇందిరకు మాత్రం తన మీద తనకే అసహ్యం పుట్టింది. పొద్దున తన చెయ్యి పట్టుకున్న మనిషి ఈమె. ఏమైనా కానీ, నిజం చెప్పేద్దామని ఒక అడుగు ముందుకు వేసింది.

"ఆ బిడ్డ నాది" అన్నాడు గంగులయ్య.

ఆయన తలగుడ్డ విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"తప్పు నాది. ఈ వయసులో సిగ్గులేని పని జేసినా. తప్పు కడతా. ఈ యమ్మకు ఇప్పుడే, ఇక్కడే, మీ అందరి ముందర మారుమనువు తాళి కడతా. ఎవురన్నా పసుపుతాడు తెండి."

మొగుడు పోయిన ఆడదానికి మారుమనువు ఆ పాళెంలో తప్పు కాదు. పెద్దలు ఒప్పుకుంటే చాలు. పెద్ద తానే తప్పు ఒప్పుకుంటే ఇంక అడిగేదెవరు? జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకరిద్దరు ముసలమ్మలు కళ్ళొత్తుకున్నారు. దిక్కులేని పిల్లను కాపాడటానికి ఈ దేవుడు తన నెత్తిన బురద పోసుకుంటున్నాడని వాళ్ళకు అర్థమైంది. ఇందిరకు కూడా అట్లాగే అర్థమైంది.

కథ ఇక్కడ సుఖంగా ముగిసేదే. ముగియనివ్వనిది వెంకటశేషమ్మ. ఇంతకుముందు ఆమెను చాడీకోరు అని రాశాను. ఆమె గోడు కూడా రాయాలి, లేకపోతే అన్యాయం. ఆమె మొగుడు కూలికని బర్మాలో రంగం వెళ్ళి ఏళ్ళు గడిచాయి. ఉత్తరం ముక్క లేదు. ఆమెను చేసుకుంటానని ఒకడు ముందుకొస్తే ఒప్పుకోనిది ఈ గంగులయ్యే.

"బాగుండాదయ్యా నీ నాయం!" ఆమె లేచి నిలబడింది. "బతికుండే మొగోడి పెళ్ళానికి ఇంకో తాళి కడితే గంగమ్మ పాళేన్ని ముంచేస్తదని నన్ను ఆపినావే! మొగుడు పోయినట్టు చూసినోళ్ళు లేరని నా బతుకు ఎండబెట్టినావే! దీనికి మాత్రం ఎట్ట కడతావు?"

"నీ మొగుడు పోయినట్టు సాక్షి లేడమ్మా. చిన్నపోలయ్య పోయినట్టు నేనే సాక్షిని."

"ఒట్టెయ్యి, అట్టయితే! మాఘంలో సముద్రం నీళ్ళ మీద ఒట్టెయ్యమంటే ఎయ్యకుండా ఏడస్తా కూచున్నావు. ఏడ్చేవోణ్ణి ఏం అడుగుతామని వదిలేసినారు మేము. ఇప్పుడు ఏడవటంలా గదా. ఎయ్యి!"

గుంపులో సణుగుడు మొదలైంది. మాఘంలో ఆయన ఒట్టెయ్యలేదన్న సంగతి ఇందిరకు తెలియదు. ఆదిశేషమ్మకు కూడా తెలియదు. ఆ రోజు ఆమె స్పృహలో లేదు.

దోసిట్లో సముద్రం నీళ్ళు పట్టి వేసే ఒట్టును నడిమిపాళెంలో ఎవడూ తేలిగ్గా తీసుకోడు. కోర్టులో భగవద్గీత మీద చెయ్యివేసి అబద్ధం చెప్పి వచ్చిన వాళ్ళు కూడా ఈ నీళ్ళ మీద చెప్పరు. కోర్టు నెల్లూరులో ఉంటుంది. మర్నాడు తెల్లారితే తెప్ప వేసుకుని పోవాల్సింది ఈ నీళ్ళ మీదికే.

గంగులయ్య లేచాడు. మెల్లగా నడిచి, మోకాలి లోతుకు దిగి, దోసిలి నింపుకుని తిరిగొచ్చాడు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"చిన్నపోలయ్య ఈ నీళ్ళల్లో పోయినాడు. ఈ లోకంలో లేడు. అబద్ధమైతే రేపు నా తెప్ప ఒడ్డుకి రాగూడదు."

చేతులు వణకలేదు. నీళ్ళు ఇసుకలో వదిలేశాడు. జనం ఊపిరి పీల్చుకున్నారు. వెంకటశేషమ్మ కూలబడింది. ఎవరో పసుపుతాడు కోసం ఇంట్లోకి పరుగెత్తారు.

ఇందిర మాత్రం నిలుచున్నచోటే బిగుసుకుపోయింది. మాఘంలో ఈ మనిషి ఎందుకు ఒట్టెయ్యలేదు? చిన్నపోలయ్య బతికున్నాడని అప్పుడు ఆయనకు తెలుసు గనక. సముద్రానికి భయపడి ఒట్టెయ్యలేక ఏడుపు నటించాడు. ఇవాళ నదురూబెదురూ లేకుండా వేశాడు. అంటే ఇవాళ అది నిజం. లొంగిపోతానన్న చిన్నపోలయ్య పోయిన అమావాస్యకు ఇంటికి రాలేదు, ఎందుకంటే రాలేని చోటికి పంపించారు. గట్టున ఉన్న పెద్దమనిషి తెప్ప దుంగ మీద కూచుని తనతో ఇన్నాళ్ళూ నవ్వుతూ మాట్లాడాడు. తాళి కడతానన్నది కూడా ఆదిశేషమ్మ నోరు తన ఇంట్లోనే కట్టెయ్యడానికి. చిన్నపోలయ్య ఎవరికి లొంగిపోదామనుకున్నాడో కూడా ఆయనకు తెలిసే ఉంటుంది. పేరు దొరికింది. అల్లాబక్షు మాత్రం ఈపాటికి మైళ్ళ దూరం వెళ్ళిపోయాడు.

ఆదిశేషమ్మ ముందు నోరు తెరవకూడదు, ఆమెకు ఇది తెలియకూడదు అనుకుంటూ ఇందిర అటు తిరిగింది. ఆలస్యమైంది. ఆదిశేషమ్మ లేచి నిలబడింది. పోయిన అమావాస్య నుంచీ గుమ్మం వైపు చూస్తున్న మనిషి ఆమె. ఆ లెక్క ఆమెకు ఇందిర కన్నా ముందే తెలిసిపోయింది. మొహంలో రక్తం లేదు. తడిచేతులు పంచెకు తుడుచుకుంటున్న గంగులయ్య ముందుకు నడిచి వెళ్ళి, ఊరంతా వినేట్టు అడిగింది.

"మాఘంలో ఎయ్యలేని ఒట్టు ఇయ్యాల ఎట్టేసినావు మామా? మా ఆయన్ని ఎప్పుడు చంపినావు?"

గంగులయ్య చేతులు తుడుచుకోవడం ముగించాడు. తల తిప్పి, తొణక్కుండా, ఇందిర వైపు చూశాడు.